ఉల్లాసక్రీడ: ఒక మాట పుట్టుక

కాకినాడ సముద్రతీరమున సాయంకాలపు దృశ్యము చూడముచ్చటగా నుండును. దూరమున హోప్ దీవి అడ్డుగా నుండుటచే అచటి అలలు అంత ఉద్ధృతముగా రావు. బడి విడిచిన పిల్లలు గుంపులుగా ఒడ్డునకు చేరుదురు. ఒక బాలుడు అలకు ఎదురుగా పరుగెత్తును. అల విరిగి పాదములను తాకగానే కేకవేసి వెనుకకు గంతు వేయును. ఇద్దరు బాలికలు చేతులు పెనవేసికొని ఒప్పులకుప్ప తిరుగుదురు. తల తిరిగి ఇసుకలో కూలబడి, పడినందులకే పకపక నవ్వుదురు. ఇంకొకడు ఏ కారణమును లేకయే తీరము పొడవునను పరుగిడి మరల వచ్చును. ఎవరు గెలిచిరని అడిగినచో చెప్పగలవారు లేరు. ఎవరును ఓడలేదు, ఎవరును గెలువలేదు. అందరును ఆనందించిరి.

ఇట్టి ఆటకు తెలుగున కేరింతలు, గంతులు, తుళ్ళింతలు, చిందులు మొదలైన మాటలు కలవు. ఆంగ్లభాషలో దీనిని చెప్పుటకు ‘ఫ్రాలిక్’ అను సొగసైన మాట యొకటి ఉన్నది. ఆ మాట ఎచట పుట్టినది? ఆంగ్లమునకు ఎట్లు చేరినది? దానికిని కాకినాడకును ఏమైన సంబంధము కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో, మాటల పుట్టుకను విచారించు మార్గమే తెలియవచ్చును.

ముందుగా దాని అర్థమును చూడవలెను. చెడుగుడు ఆటకు గీత ఉన్నది, కూత ఉన్నది, పట్టు ఉన్నది. క్రికెట్టునకు బంతుల లెక్క, పరుగుల లెక్క ఉన్నవి. ఇట్టి నియమములుగల ఆటను ఆంగ్లేయులు ‘గేమ్’ అందురు. ఫ్రాలిక్ అట్టిది కాదు. దానికి నియమము లేదు, లెక్క లేదు, పందెము లేదు. లోపల పొంగిన సంతోషము కాళ్లలోనికి చేతులలోనికి ప్రవహించి, గంతుగా, పరుగుగా, నవ్వుగా వెలికి వచ్చుటయే ఫ్రాలిక్. తల్లి పాలు కడుపార త్రాగిన లేగదూడ తోక నిగిడించి దొడ్డిలో చెంగుచెంగున దుముకును గదా! అది ఈ మాటకు చక్కని ఉదాహరణము.

ఆంగ్లమున ఈ అర్థమునకు సమీపమైన మాటలు మరికొన్ని కలవు. వాని పుట్టుకలు వినోదకరములు. ‘కేపర్’ అనగా ఎగిరి గంతు వేయుట. ఇటలీ దేశపు భాషలో ‘కాప్రియోలా’ అనగా మేక వేయు గంతు. ఆ మాట ఆంగ్లమున ‘కేప్రియోల్’ అయి, పిమ్మట కుఱుచయై ‘కేపర్’ అయినది. లాటిను భాషలో మేకపోతును ‘కాపెర్’ అనియే అందురు. ‘గాంబల్’ అనగా దుముకుచు ఆడుట. దానికి మూలమైన ఇటాలియను పదము ‘గాంబా’. ఆ పదమునకు కాలు అని అర్థము. ‘రాంప్’ అనగా అల్లరిగా ఎగురుచు ఆడుట. అది ‘ర్యాంప్’ అను పాత పదమునకు రూపాంతరమని నిఘంటుకారులు తలంతురు. ఆ పాతపదము ఎగబ్రాకుట అను అర్థముగల ఫ్రెంచి పదమునుండి వచ్చినది. వెనుక కాళ్లపై నిలిచి ముందుకాళ్లు ఎత్తిన సింహమును వర్ణించుటకు దానిని వాడుచుండిరి.

ఈ మూడు మాటలలోను శరీరమే కనబడుచున్నది. ఒకదానిలో మేక, ఒకదానిలో కాలు, ఒకదానిలో పైకెగయు మృగము. ఫ్రాలిక్ మాత్రము అట్లు కాదు. అది మనస్సునుండి పుట్టిన మాట.

దానికి మూలము డచ్చి భాష. హాలెండు దేశస్థులు మాటలాడు ఆ భాషలో ‘వ్రోలిక్’ అను విశేషణము కలదు. సంతోషముగల, ఉల్లాసవంతమైన అని దాని అర్థము. డచ్చివారి వకారము ఫకారమునకు దగ్గఱగా వినబడును. కావుననే ఆ మాట ఆంగ్లేయుల నోట ‘ఫ్రాలిక్’ అయినది. నేటికిని డచ్చివారు క్రిస్మసు పండుగనాడు ఒకరికొకరు శుభాకాంక్షలు తెలుపుకొనునప్పుడు ఈ వ్రోలిక్ అను మాటనే వాడుదురు. జర్మను భాషలో దీని సోదరపదము ‘ఫ్రోలిష్’ అదే సందర్భమున వినబడును.

వ్రోలిక్ అను మాటలో రెండు భాగములు కలవు. ‘వ్రో’ అనగా సంతోషముగల. ‘లిక్’ అనునది ‘వంటి’, ‘తో కూడిన’ అను అర్థము నిచ్చు ప్రత్యయము. ఈ ప్రత్యయము ఆంగ్లమునకు క్రొత్తది కాదు. ‘ఫ్రెండ్లీ’ అను మాట చివరనున్న ‘లీ’యే అది. ఒకే తల్లికి పుట్టిన భాషలగుటచే డచ్చిలో ‘లిక్’గా నిలిచినది ఆంగ్లమున ‘లీ’గా మారినది. ‘మ్యూజిక్’ మొదలైన గ్రీకు మాటల చివరనుండు ‘ఇక్’ వంటిదే ఫ్రాలిక్ చివర కూడ ఉన్నదని పైకి తోచును. కాని అది చెవికి కలుగు భ్రమ మాత్రమే. ఒకే విధముగా వినబడు రెండు మాటలకు ఒకే పుట్టుక ఉండవలెనను నియమము లేదు.

ఫ్రాలిక్ 16వ శతాబ్ది తొలి భాగమున ఆంగ్ల గ్రంథములలో కనబడ నారంభించినది. అప్పుడది విశేషణమే. సంతోషముగా నున్న మనిషిని ఫ్రాలిక్ అనెడివారు. షేక్స్పియరు వ్రాసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ అను నాటకపు తుది భాగమున పక్ అను చిలిపి పాత్ర తనను, తనవారిని ఈ విశేషణముతోనే వర్ణించుకొనును. మిల్టను మహాకవి తన ‘లాలెగ్రో’ కావ్యమున వీచు గాలికి ఈ మాటను విశేషణముగా చేసెను. 16వ శతాబ్ది చివరి భాగమున ఇది క్రియగా మారినది. 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో నామవాచకమైనది. అనగా మొదట మనస్సులోని సంతోషమును తెలిపిన మాట, క్రమముగా ఆ సంతోషముచే మనిషి చేయు పనిని తెలుపసాగినది. మాట కూడ పిల్లలవలె ఇంటిలో కూర్చుండలేక వీధిలోనికి పరుగెత్తినదన్నమాట.

డచ్చి మాట ఆంగ్లమునకు ఎట్లు చేరినది? ఇంగ్లండునకును హాలెండునకును నడుమ ఇఱుకైన సముద్రమే కలదు. ఆ రెండు దేశముల నడుమ ఉన్ని, బట్టలు, చేపలు మొదలైన సరుకుల వ్యాపారము శతాబ్దములపాటు సాగినది. సరుకులతో నావికులు వచ్చిరి. నావికులతో మాటలు వచ్చినవి. ఓడ యజమానిని తెలుపు ‘స్కిప్పర్’, ఓడ పైభాగమును తెలుపు ‘డెక్’, వేగముగా పోవు విహారనౌకను తెలుపు ‘యాట్’ డచ్చి భాషనుండి వచ్చినవే. నేడు క్రికెట్టు జట్టు నాయకుని స్కిప్పర్ అని పిలుచు బాలురు, తాము డచ్చి నావికుని మాటను పలుకుచున్నామని ఎఱుగరు. చిత్రకళా మాటలు కూడ కొన్ని అచటివే. చిత్రకారుడు పటమును నిలుపుకొను చట్రమును ఆంగ్లమున ‘ఈజెల్’ అందురు. డచ్చిలో ఆ మాటకు గాడిద అని అర్థము! బరువు మోయునది కనుక ఆ పేరు వచ్చినది.

ఇపుడు కాకినాడకు మరలి రావలెను. డచ్చివారు 1602లో తూర్పుదేశములతో వ్యాపారము చేయుటకు ఒక గొప్ప కంపెనీని స్థాపించిరి. 1605లో వారి ఓడ మచిలీపట్టణమునకు వచ్చెను. మచిలీపట్టణమున వలందపాలెము అను పేట నేటికిని వారిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. ‘వలంద’ అనగా హాలెండువాడని అర్థము. పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణములందును వారు వర్తకస్థానములను ఏర్పఱచుకొనిరి. 1734లో కాకినాడలోని జగన్నాథపురమున స్థావరమును నెలకొల్పిరి. ఉప్పుటేరునకు ఆవలి ఒడ్డున, నేడు వంతెనలచే నగరముతో కలుపబడిన ఆ పేటనుండి గోదావరి మండలపు నేతబట్టలు ఓడల కెక్కెడివి. యుద్ధములవలన ఆ స్థావరము పలుమారులు చేతులు మారి, తుదకు 1825లో ఆంగ్లేయుల వశమైనది.

ఈ చరిత్ర విన్నవారికి ఒక ఊహ సులభముగా కలుగును. డచ్చివారు కాకినాడలో ఉండిరి. ఆంగ్లేయులు సమీపముననే ఇంజరములో ఉండిరి. కావున ఫ్రాలిక్ అను మాట ఈ తీరముననే ఒకరినుండి ఒకరికి చేరియుండునని తలచుటకు మనస్సు ఉవ్విళ్లూరును. సొంత ఊరికి కీర్తి కలుగునన్న సంతోషమున ఆ ఊహను నిజమని ప్రచారము చేయువారు కూడ ఉండవచ్చును. కాని తేదీలను చూడవలెను. ఫ్రాలిక్ ఆంగ్లమున ప్రవేశించినది 16వ శతాబ్ది తొలి భాగమున. డచ్చి కంపెనీ పుట్టినది 1602లో. జగన్నాథపురమున స్థావరము ఏర్పడినది 1734లో. కుమారుడు తండ్రికంటె ముందు పుట్టడు గదా! కావున ఆ ఊహ ఎంత ముచ్చటగా నున్నను విడిచిపెట్టవలసినదే.

ఇట్టి ఊహయే కాకినాడ పేరు విషయమునను వినబడుచుండును. ఆంగ్లేయులు ఈ ఊరిని ‘కొకనాడా’ అని వ్రాసెడివారు. కెనడా దేశపు మతప్రచారకులు ఇచట నివసించుటచే, ఆ దేశమునకు జంటయను భావముతో ‘కో-కెనడా’ అని పేరు పెట్టిరని కొందఱు చెప్పుదురు. కాని ఆ ప్రచారకులు కాకినాడకు వచ్చినది 1874లో. కొకనాడా అను వ్రాత అంతకు ముందే ఆంగ్లేయుల పత్రములలో కలదు. తెలుగు పేరును ఆంగ్లేయులు తమ నోటికి వచ్చినట్లు పలికి, పలికినట్లు వ్రాసిరి. అంతకంటె అందు వేరొక రహస్యము లేదు. చెవికి ఇంపైన కథ కాలపరీక్షకు నిలువలేదు.

అట్లయినచో డచ్చివారు తెలుగు తీరమున రెండు శతాబ్దములకు పైగా మసలియు ఒక్క మాటనైనను విడిచిపోలేదా? విడిచిపోయిరి. చిత్రమేమనగా, ఆ మాటలు కూడ ఆటకు సంబంధించినవే. అవి పేకముక్కల పేర్లు.

పేకలో నాలుగు జాతులు కలవు. తెలుగువారు వానిని ఆటీను, కళావరు, ఇస్పేటు, డైమను అందురు. ఇవన్నియు ఆంగ్లపదములకు వచ్చిన వికృతులని సాధారణముగా తలంతురు. డైమను విషయమున అది నిజమే. ‘డైమండ్’ అను ఆంగ్లపదము అందు స్పష్టముగా కనబడుచున్నది. కాని కళావరు సంగతి యేమి? ఆ జాతిని ఆంగ్లేయులు ‘క్లబ్స్’ అందురు. క్లబ్ అనగా దుడ్డుకఱ్ఱ. క్లబ్స్ అను మాటనుండి కళావరు రాజాలదు. పోర్చుగీసువారు దానిని ‘పావుస్’ అందురు. దానికిని కఱ్ఱలనియే అర్థము. ఫ్రెంచివారు ‘త్రెఫ్ల్’ అందురు. డచ్చివారు ‘క్లావర్’ అందురు. క్లావర్ అనగా మూడాకుల గడ్డిమొక్క. ముక్కపై నున్న గుర్తును చూచినచో అది దుడ్డుకఱ్ఱ కాదు, మూడు ఆకుల మొక్కయే! ధ్వనియు సరిపోయినది, అర్థమును సరిపోయినది.

క్లావర్ కళావరు అగుటలో వింత లేదు. మాట మొదట రెండు హల్లులు కలిసి వచ్చిన యెడల తెలుగునాలుక వాని నడుమ ఒక అచ్చును చేర్చుకొనును. మాట చివర హల్లు మిగిలిన యెడల ఉకారమును చేర్చుకొనును. అట్లే క్లావర్ కళావరు అయినది.

ఆటీను కూడ అట్టిదే. ఆంగ్లేయులు ఆ జాతిని ‘హార్ట్స్’ అందురు. డచ్చివారు ‘హార్టెన్’ అందురు. రెండింటికిని హృదయములనియే అర్థము. కాని తెలుగుమాట చివరనున్న ‘ను’ ఆంగ్లపదమున లేదు. డచ్చి పదమున ఉన్నది. మొదటి హకారము జారిపోయి, రేఫము అణగిపోయి హార్టెన్ ఆటీను అయినది. ఇస్పేటు మాత్రము డచ్చివారి ‘స్హోపెన్’కు దూరము, ఆంగ్లేయుల ‘స్పేడ్’కును, పోర్చుగీసువారి ‘ఎస్పాదా’కును దగ్గఱ. స్కూలును ఇస్కూలు అనినట్లు మొదట ఇకారము చేరుట తెలుగువారికి పరిచితమే. ఈ విధముగా ఒకే పేకకట్టలో పలుదేశముల మాటలు ప్రక్కప్రక్కన కూర్చున్నవి. కన్నడమునను కళావర్, ఆటీన్ అను మాటలు కలవు. కావున వీనిని ఒక్క కాకినాడకే చెందిన సొత్తుగా చెప్పరాదు. డచ్చి వర్తకుల సంపర్కమునకు దక్షిణదేశమున మిగిలిన గుర్తులని చెప్పవలెను. పేకాట వ్యసనమైనచో ఇల్లు గుల్ల చేయును. ఆ ముక్కల పేర్లు మాత్రము చరిత్రను దాచిపెట్టిన పెట్టెలు.

తెలుగువారి ‘ఆట’ అను మాటయు విచారింపదగినదే. అది ‘ఆడు’ అను ధాతువునుండి పుట్టినది. తమిళమునను కన్నడమునను కూడ ఆ ధాతువు కలదు. కనుక అది మిక్కిలి ప్రాచీనమైనది. ఆడుట యనగా క్రీడించుట మాత్రమే కాదు. కదలుట, ఊగుట, నాట్యము చేయుట అను అర్థములును దానికి కలవు. ఊపిరి ఆడును, గాలి ఆడును, గానుగ ఆడును. భయము కలిగినపుడు కాలు చేయి ఆడదు. వేటాడుట, పోరాడుట, పెండ్లాడుట, కొనియాడుట మొదలైన పనులన్నింటిలో ఈ ధాతువే చేరియున్నది. ఆంగ్లమున ‘ప్లే’ అను మాటకు మూలమైన ప్రాచీన పదమునకును చుఱుకుగా కదలుట అను అర్థము ఉండెడిది. ఒకరి నొకరు ఎఱుగని రెండు జాతులవారు ఆటలో కదలికనే ప్రధానముగా చూచిరి.

మనస్సునుండి పుట్టిన ఆటకును తెలుగున మాట లేకపోలేదు. ‘ఉల్లాసము’ అను సంస్కృతపదమున ‘లస్’ అను ధాతువు కలదు. దానికి ప్రకాశించుట, క్రీడించుట అని అర్థములు. విలాసము, లాస్యము అనునవి దాని బిడ్డలే. లోని సంతోషము వెలుగువలె పైకి ఉబుకుట ఉల్లాసము. వ్రోలిక్ అను డచ్చి మాటకు ఇంతకంటె చక్కని తోడు దొరకదు.

మాటల చరిత్రను గూర్చి పలుకునపుడు కాకినాడకు న్యాయముగా దక్కవలసిన కీర్తి వేరొకటి కలదు. 1911లో మద్రాసున స్థాపింపబడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పిమ్మట కాకినాడకు తరలివచ్చినది. పిఠాపుర సంస్థానాధీశ్వరులగు సూర్యారావు బహద్దరువారి పోషణమున, జయంతి రామయ్య పంతులుగారి పూనికచే ఆ పరిషత్తు ‘శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు’ అను మహాకార్యమునకు పూనుకొన్నది. దాని మొదటి సంపుటము 1936లో వెలువడినది. ఒక మాటకు అర్థము వ్రాసినంతనే ఆ పండితులు తృప్తి చెందలేదు. ఏ కవి, ఏ గ్రంథమున, ఏ అర్థమున దానిని వాడెనో సాక్ష్యముగా చూపిరి.  ఆ నిఘంటువు ప్రధానముగా కావ్యభాషకు సంబంధించినది. జనుల నోటనున్న మాటలను ప్రోగుచేయుటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఆంగ్ల నిఘంటువు వంటివి తోడ్పడుచున్నవి. కావ్యమున నిలిచిన మాటయు, ముక్కలు పంచువాని నోట నిలిచిన మాటయు భాషకు సంపదలే.

మాట పుట్టుకను విచారించువారు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ మాట మొదట ఎప్పుడు కనబడినది? దానిని ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును ఎచట కలిసిరి? ధ్వని మారిన తీరు ఆ భాషకు సహజమైనదేనా? అర్థము పొసగుచున్నదా? ఫ్రాలిక్ కాకినాడలో పుట్టినదన్న ఊహ మొదటి ప్రశ్నకే ఓడిపోయినది. కళావరు డచ్చి మాట యన్న వాదము నాలుగు ప్రశ్నలకును నిలిచినది. ఊరిపై నుండు అభిమానము మంచిదే. కాని అభిమానము ప్రశ్నింప వచ్చును గాని తీర్పు చెప్పరాదు. తీర్పు చెప్పవలసినది సాక్ష్యము.

జగన్నాథపురమున డచ్చి వర్తకులు లేరు. వారి ఓడలు లేవు. వారు సరుకులకు వేసిన లెక్కలు పాత కాగితములలో నిద్రించుచున్నవి. వారు కొన్న బట్టలు ఏనాడో చినిగిపోయినవి. వారు వినోదమునకై పలికిన రెండు మూడు మాటలు మాత్రము వారెవరో తెలియని నోళ్లలో నేటికిని జీవించుచున్నవి. సాయంకాలమున కాకినాడ ఒడ్డున పిల్లలు అలలకు ఎదురేగి కేరింతలు కొట్టుచునే యున్నారు. దానిని ఫ్రాలిక్ అనినను, వ్రోలిక్ అనినను, ఉల్లాసమనినను ఆ సంతోషము ఒక్కటే.